ఊరి సుద్ది

5-11-1957, మంగళవారం

రేడియోలో: రష్యావాళ్లు ఒక కుక్కను ఆకాశంలోకి పంపారు. అది భూమి చుట్టూ తిరుగుతోందట. తరువాత గ్రామస్థుల కార్యక్రమంలో వరి నారుకు పట్టే తెగులు గురించి ఒకాయన చాలా చక్కగా చెప్పాడు. జొన్న, కొర్ర తప్ప మా ఊళ్లో వరి ఎవడు పెడతాడు? అయినా చెప్పిన తీరు బాగుంది. చివర వీణ.

కుక్క సంగతి చావిట్లో వాళ్లకు విడమరిచి చెప్పాను. అంతా విని నాగన్న, "కుక్క సరే అయివోరా, దానికి కూడెవురేస్తారంట?" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. వీళ్లకు ఏం చెప్పినా ఇంతే. ముప్పై ఏళ్లు వీళ్లకూ వీళ్ల పిల్లలకూ అక్షరాలు దిద్దించాను. నేను రిటైరయ్యాక పంచాయితీవాళ్లు చావిట్లో రేడియో పెట్టి తాళంచెవి నా చేతికిచ్చారంటే ఊరికే ఇవ్వలేదు. లోకంలో ఏం జరుగుతోందో ఊళ్లో ఒక్కడికైనా తెలియాలి.

ఇంటికి పోయి దీపం పెట్టాను. ఆర్పేసి చాప చుట్టుకుని మళ్లీ చావిడికే వచ్చాను. నాగన్న గొంగడి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. "ఈ చలిలో ఈడ పండుకుంటావా?" అన్నాడు. ఇంట్లో ఉక్కగా ఉందని చెప్పాను.

8-11-1957, శుక్రవారం

రేడియోలో: హరికథ. ధాన్యం ధరలు. కుక్క సంగతి చెప్పలేదు.

15-11-1957, శుక్రవారం

రేడియోలో: పొద్దున భక్తి పాటలు. సాయంత్రం వార్తలు, నాటకం. సాయంత్రం మాత్రమే పెట్టాలని పంచాయితీ నియమం. బ్యాటరీ మిగులుతుందట. అటువంటి నియమాలు బాధ్యత తెలియనివాళ్ల కోసం.

ఎదురింటి సుంకమ్మ రొట్టె, వంకాయ కూర తెచ్చి చావిడి అరుగు మీద పెట్టింది. "అన్నా, ఇంట్లో కూచోని తినగూడదా? అక్క పోయినప్పట్నుంచి ఆ ఇంటికి మనిషి వాసనే తగలకుండా పాయె" అంది. అప్పుడే వార్తలు మొదలయ్యాయి. వెళ్లమని సైగ చేశాను.

నా ఇల్లాలు హంపమ్మ పోయి ఆషాఢం నుంచి లెక్కవేస్తే... లెక్క ఎందుకు.

20-11-1957, బుధవారం

రేడియోలో: సరిగా వినపడలేదు. గొంతు సన్నబడింది. పెట్టెకు చెవి ఆనించి వార్తలు విన్నాను. నాగన్న నన్ను చూసి, "ఏం రహస్యం సెప్తాండాది అయివోరా, నీకొక్కనికే?" అన్నాడు.

21-11-1957, గురువారం

ఆగిపోయింది.

25-11-1957, సోమవారం

నందికొట్కూరు పోయి రేడియోలు చూసే మెకానిక్కుకు కబురు పంపాను. అతని జీపు పాడైందట. కొత్త బ్యాటరీ జనవరి దాకా రాదట. "అప్పుడే ఎట్లయిపాయె? పొద్దు మాపూ తిప్పుతాండారా ఏమి?" అని రేడియో ఆఫీసు బంట్రోతు నన్ను నిలదీశాడు. నన్ను!

తిరిగి వచ్చేసరికి ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. "ఏమప్పా అయివోరా, నీ పెట్టెకు నోరు పడిపోయినట్లుండాదే! నాటు మందేమన్నా పోయిస్తామా?" అంటాడు నాగన్న. వాడి ఎకసక్కెం పాడుగాను!

మూగపెట్టె పక్కన పడుకుని ఏం లాభం? ఇంటికే వచ్చి పడుకున్నాను. ఈ ఇంట్లో ఇన్ని చప్పుళ్లు ఉన్నాయని తెలియదు. బల్లి, ఎలుక, దూలం కిర్రుమనడం. మనిషి చప్పుడు తప్ప అన్నీ ఉన్నాయి.

2-12-1957, సోమవారం

నందమ్మ వచ్చింది. ఆత్మకూరు నుంచి అల్లుడు బండి కట్టించుకుని దింపి పోయాడు. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలని ఏడో నెలలోనే రావలసింది. తల్లి లేని ఇంటికి పోయి ఏం చేస్తావని అత్తగారు ఇన్నాళ్లూ ఆపింది. తొమ్మిదో నెల పడబోతుంటే ఇది పట్టుబట్టి వచ్చేసింది. మొండితనం తల్లిది.

ఇల్లంతా తిరిగి చూసి, తల్లి రోకలి దగ్గర కాసేపు నిలబడి, అన్నం వండి పెట్టింది. నేను తింటూ ఉండగా అంది.

"నాయనా, నాకు శానా భయమైతాండాది."

"భయమెందుకు? సుంకమ్మ ఉంది. ఆలూరు నుంచి మీ పెద్దమ్మ గిడ్డమ్మను కూడా రమ్మని రాస్తాను" అన్నాను.

"కాన్పుకు కాదు. ఆ తర్వాత. అమ్మ లేదు. బిడ్డను తొట్లలో ఏసే దినం అమ్మ పాటన్నా ఉండల్ల నాయనా. ఈదిలో ఎవురింట బిడ్డ పుట్టినా అమ్మనే గదా పాడేది. నా బిడ్డకే లేకుంటే ఎట్ల? నువ్వు ముప్పై ఏండ్లు విన్నావు. రాసియ్యి, నేను నేర్చుకుంటా."

"నీకు రాదా?"

"నన్ను పండబెట్టేకి గదా పాడింది! నిద్రపుచ్చే పాట చివర ఎవురు విన్నారు నాయనా?"

అదెంత పని, రేపే రాసిస్తానన్నాను.

3-12-1957, మంగళవారం

ఊగు తొట్లా ఊగు తొట్లా
ఊరి శుద్ధి చెప్తా ఊగు తొట్లా

ఆమె "సుద్ది" అనేది. అక్షరదోషం దిద్దాను. వాళ్లది ఆలూరు దిక్కు, కన్నడం కలిసిన తెలుగు, వత్తులు పలకవు. ఊరిని శుద్ధి చేసే నీతులు చెబుతాను, ఊగు తొట్టెలా అని భావం. మంచి భావం.

తరువాతి చరణం రేపు.

4-12-1957, బుధవారం

వరి నారు తెగులుకు ఏ మందు ఎంత నీటిలో కలపాలో ఇప్పుడు అడిగినా గడగడా చెప్పగలను. రష్యా కుక్క పేరు కూడా చెప్పగలను. పాటలో మూడో పంక్తి రావడం లేదు.

నందమ్మ అడిగింది. మంచి కాగితం కోసం చూస్తున్నానని చెప్పాను.

8-12-1957, ఆదివారం

నాకు గుర్తులేక కాదు. ఇతరుల దగ్గర కూడా పాఠం తీసుకుని సరిపోల్చడం పండితుల పద్ధతి. అందుకని సుంకమ్మ ఇంటికి పోయాను. ఆమె బిడ్డలు ముగ్గురినీ హంపమ్మే ఊపింది. సుంకమ్మ చేట పక్కన పెట్టి, కళ్లు మూసుకుని పాడింది.

నాగన్న ఎద్దు నిన్న యాడికో పాయె
శనగసేన్లో దొరికె కడుపు నింపుకోని

"ఇదేం పాట? ఇందులో నీతి ఏది?" అన్నాను.

"నీతి యాడిదన్నా, ఎద్దుకు?" అంది సుంకమ్మ.

అక్కడి నుంచి, గాజుల మలారం భుజాన వేసుకుని ఊళ్లు తిరిగే బుడేన్ సాహెబ్ ఇంటికి పోయాను. అతని భార్య నబీసా కొడుకును కూడా హంపమ్మ ఊపింది. నబీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వు ఆపుకుంటూ పాడింది.

బుడేన్సాబు మలారం వంకలో పడె
వంకలో చేపలన్ని గాజులేసుకునె

బుడేన్ సాహెబ్ చిన్నబుచ్చుకున్నాడు. "అన్ని పాటలుంటే ఇదే పాడల్నా?" అని పెళ్లాన్ని కసిరాడు. అయివోరు అడిగితే పాడొద్దా అని ఆమె తిరగబడింది. వాళ్లిద్దరినీ వదిలేసి వచ్చాను.

10-12-1957, మంగళవారం

ఆఖరికి నాగన్నను కూడా అడిగాను. వాడి చిన్నకూతురి తొట్లు హంపమ్మ ఊపేటప్పుడు గోడ అవతల నుంచి విన్నాడట.

వానదేవుడు కర్నూలు దాకా వచ్చె
బస్సు దొరక్క మల్ల ఎనక్కి పాయె

ఒకే ప్రశ్నకు ముగ్గురు మూడు జవాబులు రాశారు. కాపీ కొట్టలేదని సంతోషించాలేమో. ఒక్కరికీ సరిగా గుర్తులేదు, నోటికొచ్చింది కల్పించి చెబుతున్నారు. శుద్ధి అని మొదలైన పాటలో ఎద్దులు, చేపలు, బస్సులు ఎందుకుంటాయి? ఊరిని నమ్ముకుంటే లాభం లేదు. అసలు పాఠాన్ని నేనే నిర్ణయించాలి.

15-12-1957, ఆదివారం

నిర్ణయించాను. ఎనిమిది చరణాలు. సత్యము పలుకుట, పెద్దలను గౌరవించుట, శుభ్రత, పొదుపు మొదలైనవి. యతి కూడా కుదిరింది. హంపమ్మ ఇలాగే పాడి ఉంటుంది, చదువు లేక కొన్ని మాటలు అటూ ఇటూ అయి ఉంటాయి.

16-12-1957, సోమవారం

నందమ్మకు పాడి వినిపించాను. అంతా విని, "బాగుండాది నాయనా" అంది. తరువాత లేచి పెరట్లోకి పోయింది. చాలాసేపు రాలేదు. వచ్చాక, "ఇది అమ్మది కాదు" అని మాత్రం అంది.

దీనికేం తెలుసు? చివర వినలేదని తనే చెప్పింది కదా.

17-12-1957, మంగళవారం

కాగితం చించేశాను.

22-12-1957, ఆదివారం

గిడ్డమ్మ వదిన వచ్చింది. హంపమ్మకు అక్క. ఆలూరు నుంచి కర్నూలుకు, కర్నూలు నుంచి నందికొట్కూరుకు బస్సులు మారి, నెత్తిన చెనక్కాయల మూటతో వీధి మలుపులో కనబడింది. గొంతు అచ్చం చెల్లెలిదే. 

గడపలో మూట దించి, చెమట తుడుచుకుని, ఎప్పుడూ అడిగే, నేనెప్పుడూ చెవిన పెట్టని మాటే అడిగింది.

"ఏమప్పా మరిదీ, మీ ఊరి సుద్దేమి?"

ఆ మాటను నోట్లోనే అని చూసుకున్నాను: సుద్ది.

"ఏమప్పా, నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా? మీ ఊరి సుద్దేమంటే?"

"వదినా, సుద్ది అంటే ఏమిటి?" అన్నాను.

"ఇదేం విడ్డూరమప్పా! సుద్దంటే సుద్ది. సంగతి. కబురు. యాడ ఏం జరిగిందని. మీ పెట్టెలో సెప్తాంటారే, అది. నీకు తెలీకేమి? పెండ్లయిన కొత్తలో మా హంపి నిన్ను 'ఏమి సుద్ది' అని అడిగితే, 'విశేషాలేమి అని అడగాల' అని నువ్వే గదా దిద్దితివి! మా ఇంట్లో అందరికీ సెప్పి నవ్వింది."

నిజమే. దిద్దాను. ఆ తరువాత ఆమె నన్ను ఆ మాట అడగనే లేదు. పాటలో మాత్రం ఉంచుకుంది.

రాత్రి, ముగ్గురూ పాడినవి రాసుకున్న పేజీలు ముందు పెట్టుకున్నాను. నాగన్న ఎద్దు తప్పిపోయింది నిజం. బుడేన్ సాహెబ్ గాజుల మూట వంకలో పడింది నిజం. కర్నూలులో కురిసి మా ఊరికి రాని వాన కూడా నిజం. ముగ్గురూ సరిగ్గానే చెప్పారు. ఊరి సుద్ది చెప్తా, ఊగు తొట్లా. ఆ రోజు ఊళ్లో ఏం జరిగితే ఆ రోజు ఆమె అదే పాడింది. మర్నాడు ఇంకొకటి.

అయితే అసలు పాఠం అన్నది లేదు. వెతకడానికి ఏమీ లేదు.

23-12-1957, సోమవారం

సుంకమ్మను పట్టుకున్నాను. "అందరి సుద్దీ పాడింది కదా, నాది పాడలేదా?" అన్నాను.

"వద్దులేన్నా."

"పాడిందా, లేదా?"

"నీకు కోపమొస్తాది."

"రానీ."

సుంకమ్మ తల వంచుకుంది. చావిట్లో రేడియో పెట్టిన ఏడు, సుంకమ్మ మూడోవాడిని ఊపుతూ హంపమ్మ పాడిందట.

అయివోరి చెవులు రెండు చావిట్లో తాకట్టు
ఇంట్లో నే పిలిచింది ఇంటి దూలం వినె

"నగుతానే పాడిందిలే అన్నా. మేమంతా నగితిమి" అంది.

24-12-1957, మంగళవారం

రాయడానికి ఏమీ లేదు.

25-12-1957, బుధవారం

ఉంది. ఏడ్చాను. ఆషాఢంలో కూడా ఇంతగా ఏడవలేదు. అప్పుడు వెంటనే చావిడికి పోయాను కదా.

ఏడ్చి ముఖం కడుక్కుని నందమ్మను పిలిచి చెప్పాను. "అమ్మ పాట రాసియ్యలేను. అది రాసేది కాదు, రోజూ కట్టేది. నేను కడతా. తొట్లలో వేసే రోజు నేనే పాడతా."

నందమ్మ నోరు తెరిచింది. గిడ్డమ్మ వదిన చెనక్కాయలు వలవడం ఆపింది.

"మొగోడు తొట్ల కాడ కూచోని పాడేదా? ఈదంతా నగదా?" అంది వదిన.

"నవ్వనీ. నవ్వించడానికే కదా మీ చెల్లెలు పాడింది."

 ఏది ఏమైనా పాడతాను. రాసిపెట్టుకుంటున్నాను, రేపు మాట మార్చకుండా.

27-12-1957, శుక్రవారం

ఊళ్లో: ఏం జరిగిందో నాకు తెలియదు. ఎవరిని అడగాలో కూడా తెలియదు. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో ఉండి!

బయలుదేరాను. నీళ్ల బావి దగ్గర నిలబడితే ఆడవాళ్లు బిందెలతో తప్పుకున్నారు. సుంకమ్మ దొడ్లోకి పోయాను. కోడి పొదిగి పిల్లలు చేసింది, అందులో ఒకటి బాతుపిల్ల. గుడ్లు ఎక్కడ కలిశాయో ఎవరికీ అర్థం కాలేదు. రాత్రి కూర్చుని కట్టాను:

కుక్కుటంబు గర్భమందు హంస జనించె
కాలమహిమ గనుము నిద్రింపు శిశువా

గిడ్డమ్మ వదినకు వినిపించాను. "ఇది పాడితే బిడ్డ నిద్రపోదప్పా, లేచి పలక తీసుకోని బడికి పోతాది" అంది. నందమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. ఈ ఇంటికి వచ్చాక అది నవ్వడం ఇదే మొదలు.

30-12-1957, సోమవారం

ఊళ్లో: నబీసా తిరగమోత పెట్టింది. ఎండుమిరప ఘాటుకు ఇటు నాలుగిళ్లు, అటు నాలుగిళ్లు తుమ్మాయి.

మూడు సార్లు కట్టాను, మూడు సార్లూ వదిన తల అడ్డంగా ఊపింది. మొదటిది ఉపన్యాసం. రెండోదానిలో మిరపకాయ వల్ల ఆరోగ్యానికి కలిగే లాభాలు దూరాయి. నా నోట్లో బడి అయ్యవారు కూర్చుని దిగనంటున్నాడు. మూడోది పొడుగైంది.

నాలుగోది:

నబీసా పోపుకు నాలుగిండ్లు తుమ్మె
తుమ్మితే ఊడిపాయె తాత పిలక ముడి

"నీకు పిలక యాడుండాది?" అంది వదిన. లేదని ఒప్పుకున్నాను. "అబద్ధం పాడగూడదప్పా. మా హంపి జరగంది పాడకపాయె" అంది. చేపలు గాజులు వేసుకున్నాయా అని వాదించాను. "వంకలో గాజులు పడినాయి గదా, చేపలుండాయి గదా. ఏసుకున్నాయో లేదో నువ్వు చూసినావా?" అంది.  పిలక తీసేశాను.

5-1-1958, ఆదివారం

రోజూ ఒకటి కడుతున్నాను. ఎక్కువ భాగం పనికిరావు. అయినా కడుతున్నాను. పొద్దున లేవగానే ఈ పొద్దు ఏం దొరుకుతుందో అని చెవులు నిక్కబొడుచుకుని వీధిలోకి పోతున్నాను. "అయివోరు వస్తాండాడు, జాగ్రత్త, పాటలో పెడతాడు" అని ఒకరినొకరు హెచ్చరించుకుంటున్నారు. హెచ్చరించుకుని, వాళ్లే వెనకాలే వచ్చి సుద్ది చెబుతున్నారు. ఎవరి సుద్ది వాళ్లు చెప్పరు, పక్కింటివాళ్లది చెబుతారు.

గొంతు బాగాలేదు. అది నాకూ తెలుసు. గొడ్ల కాడ సాధన చేస్తున్నాను. ఎద్దు మేత మానలేదు, అంటే మరీ అంత చెడ్డగా లేదు.

9-1-1958, గురువారం

జీపు వచ్చింది. కొత్త బ్యాటరీ వేశారు. మెకానిక్కు మీట తిప్పగానే పెట్టె గొల్లుమంది. చావిడంతా జనం. ఒక్క గంట విని ఇంటికి వచ్చేద్దామనుకున్నాను.

10-1-1958, శుక్రవారం

రేడియోలో: పొద్దున భక్తి పాటలు. సాయంత్రం వార్తలు, వేణువు, నాటకం మొదటి భాగం. నాటకం చాలా బాగుంది. ఇన్నాళ్ల తరువాత కదా, రెండు రోజులు వింటే తప్పులేదు. పాట ఎటూ సగం అయింది.

11-1-1958, శనివారం

రేడియోలో: నాటకం రెండో భాగం.

12-1-1958, ఆదివారం

మధ్యాహ్నం చావిట్లో కచేరి వింటున్నాను. కళ్లు మూసుకుని తల ఊపుతున్నాను. ఉన్నట్టుండి పాట ఆగిపోయింది. కళ్లు తెరిస్తే బుడేన్ సాహెబ్ మీట మీద చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు. రొప్పుతున్నాడు.

"అయివోరా, సుంకమ్మ ఈది చివర్నుంచి అరుస్తాండాది. మా ఇంటికే ఇనబడె. నీకు ఇనబళ్లేదా? నీ బిడ్డకు నొప్పులొస్తాండాయి!"

చెప్పులు కూడా వేసుకోలేదు. పరుగెత్తాను. వీధి పొడుగునా ఒకటే మాట తలలో తిరిగింది. ఇంటి దూలం వినె, ఇంటి దూలం వినె.

మంత్రసానిని నబీసా అప్పటికే పిలుచుకొచ్చింది. నేను చేయవలసిన పనులన్నీ ఎవరో ఒకరు చేసేశారు. గడప బయట కూర్చున్నాను. లోపల నుంచి నందమ్మ "నాయనా" అని అరిచింది. "ఈడే ఉండా, ఈడే ఉండా" అన్నాను. మా పిల్లలు బళ్లో అంటే నేను దిద్దే మాట అది. ఎన్నిసార్లు పిలిచిందో అన్నిసార్లూ పలికాను.

పొద్దు వాలకముందే ఆడబిడ్డ పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. గిడ్డమ్మ వదిన బిడ్డను తెచ్చి చూపించింది. చెవులు హంపమ్మవి, చిన్నవి.

13-1-1958, సోమవారం

తాళంచెవి నాగన్నకు ఇచ్చేశాను. "నాకు తిప్పేది రాదే" అన్నాడు. నేర్పాను. సాయంత్రం మాత్రమే, నియమం నియమమే అని గట్టిగా చెప్పాను. "అలిగినావా అయివోరా పెట్టె మీద?" అన్నాడు. అలగడం ఎందుకు, దాని పని అది చేస్తుంది, నా పని నాకుందని చెప్పాను.

ఊళ్లో: ఏం జరిగిందో అందరికంటే నాకే బాగా తెలుసు.

20-1-1958, సోమవారం

ఊళ్లో: జొన్న కంకి పాలు పోసుకుంది. పిట్టలు తోలడానికి నాగన్న మంచె ఎక్కి, నిచ్చెన జారితే దిగలేక సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు. పిట్టలు వచ్చి తిని పోయాయి.

వెంటనే కట్టాను. వదిన ఏమీ అనకుండా నవ్వింది. దిద్దలేదు!

28-1-1958, మంగళవారం

తొట్లు దించి కడిగించాను. కొత్త తాళ్లు నేనే పేనాను. నందమ్మ రాత్రుళ్లు లేచి, "నిజంగానే పాడతావా నాయనా? అందరి ముందరా?" అని అడుగుతోంది. పాడతానంటే పడుకుంటుంది.

పాడతాను.

2-2-1958, ఆదివారం

ఊళ్లో: మా ఇంట్లో బిడ్డను తొట్లలో వేశారు.

వీధిలో ఆడవాళ్లంతా వచ్చారు. దూలానికి తాళ్లు కట్టి తొట్లు వేలాడదీశాం. పసుపు, కుంకుమ, శనగ గుగ్గిళ్లు అన్నీ అయ్యాయి. బిడ్డకు హంపమ్మ పేరే పెట్టారు. బిడ్డను తొట్లలో వేశారు. ఇదివరకైతే ఆ క్షణాన హంపమ్మ అందుకునేది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నందమ్మ తల ఎత్తి నా వైపు చూసింది.

పోయి తొట్ల పక్కన కూర్చుని తాడు పట్టుకున్నాను. గడప బయట నాగన్న, "అయివోరు నిజంగానే పాడేట్టుండాడురా!" అనడం వినపడింది. చెవులు కాలిపోయాయి. అయినా అందుకున్నాను. మొదటి మాట బొంగురుగా వచ్చింది.

ఊగు తొట్లా ఊగు తొట్లా
ఊరి సుద్ది సెప్తా ఊగు తొట్లా

సుద్ది అనే అన్నాను. ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆపలేదు.

నబీసా పోపుకు నాలుగిండ్లు తుమ్మె
తుమ్మిన ఇంటోళ్లే కూరడిగి తినిరి

నాగన్న మంచె ఎక్కి నిచ్చెన జారె
పిట్టలు అడిగిపాయె బాగుండావా అని

ఇక నవ్వులే నవ్వులు. నబీసా నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. బయట నాగన్న, "ఓరి నీ పాట పాడుగాను! మంచె కాడికి కూడా వచ్చినావా!" అని అరిచాడు. పాటలోకి బాతుపిల్ల, కోడితల్లి వచ్చాయి. ఆకాశంలో తిరిగిన కుక్క వచ్చింది, నాగన్న దానికి కూడు గురించి అడిగిన మాట కూడా వచ్చింది. పాడుతూ పాడుతూ ఉండగా నా గొంతు ఎలా ఉందన్న సంగతే మరిచిపోయాను. బిడ్డ కళ్లు మూసింది. తొట్లకు తల ఆనించుకుని కూర్చున్న నందమ్మ కూడా కళ్లు మూసింది. చిన్నప్పటిలాగే, చివర వినకుండానే.

గిడ్డమ్మ వదిన నా భుజం తట్టింది. "ఇంక చాలప్పా. ఇద్దురూ పండుకునిరి. ఎవురికి పాడతాండావు?"

"ఒక్క సుద్ది మిగిలింది వదినా" అన్నాను.

దీన్ని ఎవరికీ వినిపించలేదు. ఈ పుస్తకంలో కూడా రాసుకోలేదు. తల ఎత్తి దూలం వైపు చూశాను. ముప్పై ఏళ్లు ఆమె పిలిచిన పిలుపులన్నీ విన్నది అదే.

తాకట్టు చెవులు విడిపించుకొచ్చె మీ తాత
అవ్వ పిలిచిన పిలుపు ఇప్పుడినబడె

సుంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాను, కాదు.

దూలానికి వినపడాలని కాస్త గట్టిగానే పాడినట్టున్నాను. బిడ్డ ఉలిక్కిపడి లేచి కెవ్వుమంది. తాడు అందుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.